ఏమరుపాటు ఎవరిది?

1842లో ఇంగ్లండులోని ఒక న్యాయస్థానం ఒక గాడిద మరణాన్ని గురించి గంభీరంగా విచారించింది. యజమాని దాని ముంగాళ్ళకు బందం వేసి, రహదారి అంచున మేతకు వదిలి వెళ్ళాడు. ఎనిమిది గజాల వెడల్పున్న బాట అది. మూడు గుర్రాలు కట్టిన సరకుల బండి ఒకటి ఆ పల్లంలోకి కాస్త జోరుగానే దిగివచ్చింది. బండివాడు గుర్రాల ప్రక్కన లేడు. వెనుకగా నడిచి వస్తున్నాడు. బందం వేసిన గాడిద తప్పుకోలేకపోయింది. చక్రాలు దాని మీదుగా పోయాయి.

గాడిదను రోడ్డు మీద కట్టుబాటు లేకుండా వదలడం యజమాని తప్పేనని బండి యజమాని తరఫున వాదించారు. అప్పటికి అమలులో ఉన్న సూత్రం ఆ వాదానికి అనుకూలమే. 1809లో డెర్బీ పట్టణంలో ఒకడు ఇంటి మరమ్మతు నిమిత్తం బాటకు అడ్డంగా వాసం పెట్టాడు. సాయంసంధ్య వేళ సారాయి దుకాణం నుంచి బయలుదేరి గుర్రాన్ని దౌడు తీయించుకుంటూ వచ్చిన వ్యక్తి దానికి తగిలి పడి గాయపడ్డాడు. నూరు గజాల దూరం నుంచి ఆ వాసం కనిపించే వెలుతురు ఇంకా ఉందని సాక్ష్యం రాగా, అతడికి ఒక్క పెన్నీ కూడా దక్కలేదు. బాధితుడి వైపు రవ్వంత తప్పున్నా సరే, రెండవవాడి తప్పు కొండంత ఉన్నా సరే, పరిహారం పూర్తిగా పోతుందన్న సిద్ధాంతం అప్పటి నుంచి స్థిరపడింది.

గాడిద వ్యాజ్యంలో మాత్రం న్యాయమూర్తి పార్క్ ఈ సిద్ధాంతాన్ని కొంత సడలించాడు. గాడిద అక్కడ ఉండడం తప్పే అయినప్పటికీ, బండివాడు తగిన జాగ్రత్తతో తోలి ఉంటే దానిని తప్పించగలిగేవాడే గదా అని ఆయన ప్రశ్న. అలా కాదన్నట్లయితే, బాట మీద ఒళ్ళు మరచి నిద్రపోతున్న మనిషి మీదుగా బండి తోలడాన్ని, తప్పు వైపున వస్తున్న మరొక బండిని కావాలని గుద్దడాన్ని కూడా సమర్థించవలసి వస్తుందని ఆయన తర్కించాడు. గాడిద యజమానికి నలభై షిల్లింగులు ముట్టాయి.

తప్పు వైపున వస్తున్న బండి! నూట ఎనభై ఏళ్ళు దాటిన తరువాత, భారతదేశంలోని మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునళ్ళలో ఈ మాట ఈనాటికీ వినిపిస్తూనే ఉన్నది. గాడిద స్థానంలో సైకిలు వచ్చింది. మూడు గుర్రాల బండి స్థానంలో పదహారు టన్నుల లారీ వచ్చింది. ప్రశ్న మారలేదు.

లారీకీ సైకిలుకూ మధ్య ఉన్న అంతరాన్ని కొలిచి చూడడం కష్టం కాదు. మనిషితో కలిపి తొంభై కిలోల సైకిలు గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున పోతూ ఉంటే దాని గతిశక్తి ఎంతో, పదహారు టన్నుల లారీ యాభై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పటి గతిశక్తి దానికి ఇంచుమించు రెండు వేల రెట్లు. ఎదురెదురుగా వచ్చి తాకినప్పుడు ఇద్దరి తప్పూ సమానమే కావచ్చును; ఇద్దరి నష్టం ఎన్నడూ సమానం కాదు. లారీకి బంపరు మీద గీత పడుతుంది. సైకిలు మీద ఉన్నవాడి ఇంట్లో దీపం ఆరిపోతుంది.

దీనికి తోడు మరొక అసమానత ఉన్నది. దానిని గురించి ఎవరూ అంతగా ఆలోచించరు. ఢీకొన్న తరువాత కథ చెప్పడానికి మిగిలేది ఎక్కువసార్లు ఒక్కడే. ఆ ఒక్కడు చెప్పే కథలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "అకస్మాత్తుగా అడ్డం వచ్చాడు." పోలీసు స్టేషనులో వాంగ్మూలంలోనూ, బీమా కంపెనీ వారి జవాబు పత్రంలోనూ, ఒక్కొక్కప్పుడు మరునాటి పత్రికలోని నాలుగు పంక్తుల వార్తలోనూ ఇదే వాక్యం. చెప్పినవాడు అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కరలేదు. అతడికి నిజంగానే అది అకస్మాత్తుగా తోచి ఉండవచ్చు. అయితే అకస్మాత్తు అనేది సైకిలు గుణమా, చూసినవాడి వేగం గుణమా?

పొడిగా ఉన్న తారు రోడ్డు, మంచి బ్రేకులున్న కారు, ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీద వేయడానికి డ్రైవరుకు ఒక్క సెకను వ్యవధి: ఇంతవరకు అనుకుందాం. నలభై కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దాదాపు ఇరవై మీటర్లలో ఆగిపోతుంది. ఎనభైలో ఉన్న కారు ఆగడానికి యాభై ఏడు మీటర్లు కావాలి. వేగం రెట్టింపు, దూరం మూడింతలకు దగ్గర. ఇప్పుడు నలభై మీటర్ల ముందు ఒక సైకిలు రోడ్డును దాటడం మొదలుపెట్టిందనుకుంటే, మొదటి డ్రైవరు బ్రేకు వేసి, ఆగి, తలుపు అద్దం దించి రెండు చీవాట్లు పెట్టి ముందుకు సాగిపోతాడు. రెండవ డ్రైవరు సైకిలును తాకేసరికి ఇంకా గంటకు యాభై కిలోమీటర్ల పైచిలుకు వేగంలోనే ఉంటాడు. అదే సైకిలు, అదే రోడ్డు, అదే దూరం. ఒకరికి మామూలు సంగతి, మరొకరికి "అకస్మాత్తు". ఆ క్రియావిశేషణాన్ని సాక్ష్యంగా స్వీకరించే ముందు ఏ వేగంలో ఉండి చూస్తే అకస్మాత్తు అని అడిగే న్యాయవాది దొరకడం బాధితుడి కుటుంబానికి అదృష్టమే.

తప్పు వైపున రావడమన్న దానిని కూడా కాస్త దగ్గరగా చూడవలసి ఉన్నది. ఊరు ఒకవైపు, పొలాలు రెండవవైపు ఉన్న గ్రామం మధ్యగా నాలుగు వరుసల రహదారి వేసి, నడుమ విభాజకం కట్టి, దాటడానికి దారిని ఏ కిలోమీటరున్నర దూరంలోనో విడిచిపెట్టినప్పుడు, పాల క్యాన్లు తగిలించుకుని తెల్లవారుజామున సైకిలు మీద బయలుదేరిన మనిషి ఏం చేస్తాడు? చట్టప్రకారమైతే కిలోమీటరున్నర ముందుకు పోయి, తిరిగి అంత దూరం వెనక్కు రావాలి. అతడు అంచు వెంబడి ఎదురు దిశలో నాలుగు వందల గజాలు తొక్కుతాడు. అది నియమోల్లంఘనమే, సందేహం లేదు. కాని ఆ తప్పును విభజించేటప్పుడు లారీ డ్రైవరుకు ఒక భాగం, సైకిలువాడికి ఒక భాగం పంచుతారు. రోడ్డు పటం గీసినవాడికి భాగం ఇవ్వడం బహు అరుదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, రోడ్డు రూపకల్పనలోను నిర్మాణంలోను నిర్ణీత ప్రమాణాలు పాటించక ప్రాణనష్టం కలిగించిన అధికారులపైన, కాంట్రాక్టర్లపైన లక్ష రూపాయల వరకు జరిమానా విధించే విభాగం చేర్చడం ఆ దిశలో ఒక అడుగు. అడుగు చిన్నదే.

బాధితుడి వంతు నిర్లక్ష్యం అన్న మాట కుటుంబానికి ఏ లెక్కలో దిగుతుందో తెలియాలంటే ఒక ఊహా ఉదాహరణ చాలు. ముప్పైఎనిమిదేళ్ళ తాపీమేస్త్రి, నెలకు పన్నెండు వేలు సంపాదిస్తున్నాడు. అతడి మీద భార్య, ముగ్గురు పిల్లలు ఆధారపడి ఉన్నారు. 2009లోను 2017లోను సుప్రీంకోర్టు స్థిరపరచిన పద్ధతిని అనుసరించి, సంవత్సరాదాయం 1,44,000 రూపాయలకు భవిష్యత్తు పెరుగుదల కింద నలభై శాతం కలుపుతారు. అతడి సొంత ఖర్చులకని నాలుగో వంతు తీసివేస్తారు. మిగిలినదాన్ని ఆ వయసుకు నిర్ణయమైన పదిహేనుతో గుణిస్తారు. 22,68,000 వస్తుంది. సైకిలుకు వెనుక దీపం లేదనో, కుడివైపుకు మళ్ళేటప్పుడు చెయ్యి చూపలేదనో ట్రిబ్యునలు అతడి వంతు నిర్లక్ష్యాన్ని ముప్పై శాతంగా తేల్చితే, అందులో 6,80,400 రూపాయలు పోతాయి. చెయ్యి చూపాడో లేదో చెప్పవలసినవాడు లేడు. ఆ ముప్పై శాతాన్ని కొలిచే త్రాసు కూడా ఎక్కడా లేదు. ఇరవై అని గాని నలభై అని గాని తేల్చినా తీర్పులో అదే గాంభీర్యం ఉంటుంది.

ఇంగ్లండు 1945లో చట్టం చేసి, బాధితుడి తప్పు పరిహారాన్ని పూర్తిగా మింగివేసే పాత సూత్రాన్ని తొలగించి, తప్పు ఎంతో అంత మేరకే తగ్గించే పద్ధతిని తెచ్చింది. భారతదేశంలో అటువంటి ప్రత్యేక శాసనమేదీ చేయకపోయినా, న్యాయస్థానాలు దానిలోని న్యాయాన్ని గ్రహించి అవలంబించాయి. 1809తో పోలిస్తే ఇది పెద్ద మెరుగుదల. అయితే ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. తగ్గించవలసింది తప్పును బట్టి మాత్రమేనా? ఎదుటివారికి హాని చేయగల శక్తి ఎవరి చేతిలో ఎక్కువగా ఉన్నదో, వారి జాగ్రత్త కూడా ఆ మేరకు ఎక్కువగా ఉండవద్దా?

నెదర్లాండ్స్ దేశస్థులు ఈ ప్రశ్నకు సూటిగా సమాధానమిచ్చారు. ఆ సమాధానం ఊరికే రాలేదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో పసివాళ్ళే నాలుగు వందలకు మించి ఉన్నారు. ఆ దశకం తొలినాళ్ళలో తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి నడిపిన ఉద్యమానికి పేరే "శిశుహత్యలు ఆపండి". రోడ్లూ మారాయి, న్యాయమూ మారింది. 1990, 1992 సంవత్సరాల నాటి అత్యున్నత న్యాయస్థానం తీర్పులతో స్పష్టమైన నియమం ఇది: మోటారు వాహనం పాదచారిని గాని సైకిలు మీద పోయేవారిని గాని తాకినప్పుడు, బాధితుల వయస్సు పద్నాలుగేళ్ళలోపయితే వాహనం తరఫువారు పూర్తి పరిహారం చెల్లించాలి. అంతకు పైబడిన వయస్సు వారైతే, వారి తప్పు ఎంత ఉన్నా కనీసం సగం చెల్లించాలి. కావాలని చేసినప్పుడు, లేక దానికి సమానమైన తెంపరితనం చూపినప్పుడు మాత్రమే మినహాయింపు. తన వాహనం వైపు ఏ తప్పూ లేదని, నివారణ అసాధ్యమని రుజువు చేసుకునే భారం వాహనం వారిది.

ఫ్రాన్సు ఇంకా ముందుకు పోయింది. న్యాయశాఖ మంత్రి బదాంతేర్ పేర ప్రసిద్ధమైన 1985 నాటి చట్టం ప్రకారం, పదహారేళ్ళలోపు పిల్లలకు, డెబ్బై దాటిన వృద్ధులకు శరీరానికి గాయమైతే వారి తప్పును అసలు లెక్కలోకే తీసుకోరు. ఆత్మహత్య వంటిది తప్ప. జర్మనీలో 1909 నాటి చట్టమే వాహనం సొంతదారును తప్పుతో నిమిత్తం లేకుండా బాధ్యుణ్ణి చేసింది. 2002 నుంచి పదేళ్ళలోపు పిల్లల మీద ట్రాఫిక్ విషయంలో నిర్లక్ష్యం ఆరోపించడానికి వీలులేదు. వేగాన్ని, దూరాన్ని అంచనా కట్టే శక్తి ఆ వయసు పిల్లలకు ఇంకా ఏర్పడదన్నది దాని వెనుక ఉన్న కారణం.

ఇదంతా విన్న మన డ్రైవరు ఒకరు నవ్వవచ్చు. ఆ నియమం ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నదని, చట్టంలో కాక జనం చేతుల్లో ఉన్నదని అనవచ్చు. ఏ వాహనం ఏ వాహనాన్ని తాకినా, కూడలిలో క్షణంలో పోగయ్యే గుంపు పెద్ద బండిదే తప్పని తీర్పు చెప్పి, శిక్ష కూడా అక్కడికక్కడే అమలు జరుపుతుంది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు విధి అని చెప్పే 134వ విభాగం, గుంపు ఆగ్రహం వల్ల అది సాధ్యం కాని పక్షంలో తప్ప అని మినహాయింపును కూడా వ్రాసుకున్నది. శాసనంలో ఇటువంటి మాట చేర్చవలసి రావడం దేశానికి కీర్తికరం కాదు. పారిపోయిన డ్రైవరులందరూ క్రూరులు కారు. కొందరు ప్రాణభయంతో పారిపోయినవారు. వారు పారిపోయిన ఆ పావుగంటలోనే రోడ్డు మీద పడి ఉన్నవాడి ప్రాణం పోవడం కూడా అంతే నిజం. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేసింది ఈ విషయం మీదనే. మరణం కలిగించి, తెలియజేయకుండా పారిపోతే పదేళ్ళ వరకు శిక్ష అన్న కొత్త సంహితలోని ఉపవిభాగాన్ని, 2024 జూలై 1న మిగిలిన సంహిత అమలులోకి వచ్చినప్పుడు ప్రభుత్వం నిలిపి ఉంచింది.

డచ్చివారి నియమానికీ కూడలిలోని గుంపు నియమానికీ పైకి పోలిక కనిపించినా, రెండింటికీ హస్తిమశకాంతరం ఉన్నది. డచ్చి చట్టం డ్రైవరును దోషి అనదు. అతడి మీద నేరం మోపాలంటే అక్కడా వేరుగా రుజువు చేయవలసిందే. ఆ చట్టం నిర్ణయించేది ఒక్కటే: నష్టాన్ని ఎవరు మోయాలి? వాహనానికి బీమా ఉన్నది, సైకిలుకు లేదు. లక్షల మంది ప్రీమియం చెల్లించి కూడబెట్టిన నిధి ఒకవైపు, ఒక్క సంపాదనపరుణ్ణి పోగొట్టుకున్న సంసారం మరొకవైపు. అక్కడ డ్రైవరు మీద చేయి చేసుకునే అవసరం ఎవరికీ రాదు. ఇక్కడ గుంపు కోపంలో కొంత భాగం, కచేరీల చుట్టూ తిరిగినా ఏమీ రాదన్న అపనమ్మకం నుంచి పుట్టినదే అయి ఉండవచ్చు. స్టీరింగు వద్ద ఉన్న మనిషి ఎన్నో గంటలుగా నిద్ర లేనివాడై ఉంటాడు; 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అన్నది గాని, సరకు ఎప్పటికి చేరాలో నిర్ణయించేది ఆ చట్టం కాదు. అతడిని కొట్టేవారు అతడి యజమానిని ఎన్నడూ చూడరు.

తప్పు రుజువుతో నిమిత్తం లేని పరిహారమన్న ఆలోచన భారతదేశానికి కొత్తది కాదు. నిర్లక్ష్యం నిరూపించనిదే పరిహారం లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే న్యాయస్థానంలో కృష్ణయ్యర్ వంటి న్యాయమూర్తులు ఆ పరిస్థితి మారాలని పట్టుబట్టారు. 1982లో పార్లమెంటు మొదటి మెట్టు కట్టింది: మరణానికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యానికి 7,500, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా. 1988 చట్టం దానిని 25,000 చేసింది, 1994 సవరణ 50,000 చేసింది. 2019 సవరణతో వచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన విభాగం దానిని అయిదు లక్షలకు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలకు పెంచింది. అయితే ఒక్క షరతు: ఈ దారిన పోయిన కుటుంబం, పైన చెప్పిన ఇరవై రెండు లక్షల దారిన పోలేదు. ఎక్కువ కావాలంటే నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. రుజువు చేయబోతే ఆ ముప్పై శాతం ఎదురవుతుంది. వాయిదాలకు తిరగలేని పేదవారు అయిదు లక్షలతో తృప్తి పడతారు. తొందరపడి తీసుకున్నారని వారిని ఎవరూ తప్పు పట్టలేరు.

ఇక్కడ మాటను గురించి ఒక మాట. ఇంగ్లీషులో యాక్సిడెంట్ అన్న పదానికి లాటిన్ మూలార్థం వచ్చిపడేది అని. ఆకాశం నుంచి పిడుగు పడినట్లు, చేసినవాడు లేని క్రియ అది. ఈ కారణంగానే 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ పదాన్ని తన పుటలలో వాడబోమని ప్రకటించింది. తెలుగువారు దానికి బదులుగా వాడే ప్రమాదం అన్న సంస్కృత పదం అర్థం పూర్తిగా వేరు. నిఘంటువు తెరచి చూస్తే ఏమరుపాటు అని ఉంటుంది. ఎవరో ఒకరు మెలకువ తప్పనిదే ప్రమాదం లేదని ఆ పదమే చెబుతున్నది. వాడుకలో అరిగిపోయి అది కూడా ఇప్పుడు పిడుగుపాటుకు పర్యాయపదమైంది. రోడ్డు ప్రమాదంలో మృతి అని శీర్షిక పెట్టే ఉపసంపాదకుడికి, తాను నిజానికి రోడ్డు ఏమరుపాటులో మృతి అని వ్రాస్తున్నట్లు తోచదు.

సైకిలు తొక్కేవారి ఏమరుపాటు కూడా లేకపోలేదు. దీపం లేని సైకిలును పోలీసులు ఆపి చక్రంలో గాలి తీసిన రోజులు, పురపాలక సంఘం ఇచ్చిన బిళ్ళ లేకపోతే జరిమానా కట్టిన రోజులు, డబుల్స్ ఎక్కితే దిగి నడిచిన రోజులు పెద్దవారికి జ్ఞాపకమే. చీకటిలో దీపం లేని సైకిలును చూడలేకపోవడం డ్రైవరు తప్పు కాకపోవచ్చు. పైగా, బరువును బట్టి బాధ్యత అన్న సూత్రం సైకిలు వద్ద ఆగిపోదు. 2016లో లండనులో ముందు బ్రేకు లేని సైకిలును వేగంగా తొక్కుతూ వచ్చిన యువకుడొకడు రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొనగా ఆమె మరణించింది. శిక్షించడానికి తగిన కొత్త చట్టం లేక, గుర్రపుబండ్ల కాలంలో 1861లో చేసిన విభాగం కింద అతడికి పద్దెనిమిది నెలల శిక్ష విధించారు. 2022 జనవరిలో సవరించిన బ్రిటిష్ రహదారి నియమావళి, ఎక్కువ హాని చేయగలవారి మీద ఎక్కువ బాధ్యత అని మొదటి పుటల్లోనే చెప్పి, లారీ మొదలుకొని సైకిలు వరకు వరుస పేర్చి, సైకిలువారికి పాదచారుల పట్ల ఉన్న కర్తవ్యాన్ని కూడా వ్రాసింది. మన దేశంలో 2022లో రోడ్ల మీద మరణించిన 1,68,491 మందిలో సైకిలు మీద పోతూ చనిపోయినవారు నాలుగు వేలకు పైగా ఉంటే, నడిచిపోతూ చనిపోయినవారు 32,825 మంది.

క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. ట్రిబ్యునలులో ఏది ఎక్కువ సంభావ్యమో చూస్తే చాలు. డ్రైవరు ఒకచోట విడుదలైనంత మాత్రాన రెండవచోట పరిహారం పోదని, సాంకేతిక కారణాలతో అమాయకులకు అన్యాయం చేయరాదని 1980లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంత స్పష్టత ఉన్నా ట్రిబ్యునలు ముందుకు వచ్చే సాక్ష్యం మాత్రం సాధారణంగా ప్రథమ సమాచార నివేదిక, పంచనామా, చేత్తో గీసిన స్థలపటం, వాహనానికి యాంత్రిక లోపమేదీ లేదన్న మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు నివేదిక. సాక్షులు ఉంటే ఉంటారు.

మరొక సాక్షి ఉన్నది. వెనుక చక్రం నొక్కుకుపోయి మడ్‌గార్డు సీటులోకి దూరితే దెబ్బ వెనుక నుంచి తగిలిందని అర్థం. ముందు ఫోర్కు వెనక్కు వంగి ఉంటే ఎదురుగా. ఫ్రేము ప్రక్కకు వంగి, ఒక పెడలు విరిగి ఉంటే, దాటుతూ ఉండగా, ఏ వైపు నుంచో కూడా. అడ్డం వచ్చాడా, వెనుక నుంచి గుద్దారా అన్నది చాలావరకు ఆ ఇనుమే చెప్పగలదు. కాని ట్రాఫిక్ నిలిచిపోతుందని మొదట దానినే రోడ్డు ప్రక్కకు ఈడ్చివేస్తారు. తరువాత స్టేషను ఆవరణలో, వేపచెట్టు కింద, పట్టుబడ్డ మోపెడ్ల నడుమ దానికి చోటు దొరుకుతుంది. వ్యాజ్యం తేలేసరికి రెండు వర్షాకాలాలు దాని మీదుగా పోయి ఉంటాయి.